చక్రంలో చిక్కిన గొంతు

మాదన్నపేట లైన్‌మన్ రాజన్న పదివేల మంది చూస్తుండగా, బ్యాండు మోగుతుండగా, నిమజ్జనానికి కదిలిన పద్దెనిమిది అడుగుల వినాయకుడి తల వెనక చెయ్యి పెట్టి దొంగతనం చేశాడు. అదేదో సందులో జరిగిన చిల్లర దొంగతనం అనుకునేరు. పోలీసులు సెల్యూట్ కొట్టి మరీ నిచ్చెన పట్టుకున్నారు. పూజారి కళ్లు మూసుకున్నాడు. లారీ డ్రైవరైతే ఇప్పటికీ చెబుతాడు, దేవుడే తల కాస్త పక్కకు వంచి దారిచ్చాడట, ఆ చెవి గాలికి రాజన్న టోపీ ఎగిరి డ్రైన్లో పడిందట. నమ్మకం లేనివాళ్లు మాదన్నపేట కూరగాయల మార్కెట్టుకు వెళ్లి అడగండి. ఉల్లిగడ్డ తూచే మనిషి తూకం మధ్యలో ఆపి మరీ ఈ కథ చెబుతాడు. ఆ సందట్లో తూకం ఎంత తగ్గిందో మీరే చూసుకోవాలి.

ఇంతటి మొనగాడి గుండె ఎంతదో చెబితే నవ్వుతారు. కుక్కర్ కూత పెడితే కాళ్లు మంచం మీదికి లాక్కునే మనిషి. బ్యాంకు నుంచి మెసేజ్ వస్తే చదవకముందే చెమటలు పడతాయి. వీధి కుక్కలకు ఆయన డ్యూటీ టైము కంఠతా వచ్చు, రోజూ మలుపు దాకా వచ్చి సాగనంపుతాయి. గోడ మీద బల్లి కనబడిందా, ఆ గది ఆ రోజుకు బల్లిదే.

కరెంటు స్తంభం ఎక్కాడంటే మాత్రం మనిషే వేరు. వానలోనైనా, గాలిలోనైనా ఆ చేతులు వణకవు. ఇన్నేళ్ల సర్వీసులో రాజన్న "లైను బందుంది" అన్నాడంటే బందున్నట్టే, "ముట్టకు" అన్నాడంటే ముట్టకూడదన్నట్టే. భయంతో ఇంట్లో చిన్నాచితకా అబద్ధాలు రోజూ ఆడతాడు గానీ, కరెంటు సంగతిలో ఒక్కటంటే ఒక్క అబద్ధం ఆడి ఎరగడు. ఈ మాట కాస్త గుర్తుపెట్టుకోండి.

ఆయన భార్య కాశమ్మ. ఒకప్పుడు ఆమె పాడితే మార్కెట్లో వాడిపోయిన తోటకూర లేచి నిలబడేదని చెప్పుకుంటారు. తోటకూర మాటేమో గానీ, బతుకమ్మ చుట్టూ చేరిన ఆడవాళ్లు కాశమ్మ గొంతు లేచేదాకా చప్పట్లు మొదలుపెట్టేవారు కాదు. ఇల్లిల్లూ సీడీలు వినే రోజుల్లో సైదాబాద్‌లో ఒకాయన గోడలకు కోడిగుడ్ల అట్టలు అతికించి స్టూడియో అని బోర్డు పెట్టాడు. రాజన్న ఎప్పుడో ఆయన ఇంటి లైను సరిచేసి, మొహమాటం పెట్టి, కాశమ్మ చేత బతుకమ్మ పాటలు పాడించాడు. అన్నీ అయిపోయాక ఇంకాస్త చోటుంది, ఇంకో పాట ఉంటే పాడమన్నాడు స్టూడియో ఆయన. కాశమ్మ అద్దం అవతల చేతులు కట్టుకుని నిలబడ్డ మొగుణ్ణి చూసింది. చూసి, అప్పటికప్పుడు అందుకుంది:

"బల్లి జూసి ఉరికినోడు ఉయ్యాలో, బస్తీకి లైన్‌మనట ఉయ్యాలో!"

స్టూడియో ఆయన పడీపడీ నవ్వాడు. రాజన్న చెవులు ఎర్రబడ్డాయి. చుట్టాలకూ పక్కాలకూ పంచడానికి కొన్ని సీడీలు కొట్టించుకుని, మొదటిది ఇంటికి తెచ్చుకున్నారు. కొత్త ఫ్యాన్‌కు, కొత్త కుర్చీకి పెట్టినట్టే కాశమ్మ దానికీ కుంకుమ బొట్టు పెట్టింది. మెరిసే వైపు పాట ఉంటుందని స్టూడియో ఆయన ముందే భయపెట్టాడు కాబట్టి, నడిమి రంధ్రం చుట్టూ ఉండే గాజు లాంటి అంచు మీద జాగ్రత్తగా వేలు ఆనించింది. ఆ ఎర్ర మరక అట్లాగే ఉండిపోయింది.

తర్వాత కొన్నేళ్లకు కాశమ్మ మెడలో గడ్డ లేచింది. ఆపరేషన్ చేశారు. ముందే చెప్పారు, ప్రాణానికి ఢోకా లేదు, గొంతు సంగతి చెప్పలేమని. ప్రాణం నిలిచింది. గొంతు పోయింది. ఇప్పుడామె మాట్లాడితే గాలి వస్తుంది, ఆ గాలిలో మాటలు ఉంటాయి, దగ్గరికెళ్లి వినాలి. మొగుణ్ణి పిలవాలంటే చప్పట్లు కొడుతుంది. ఏటా బతుకమ్మకు రాజన్న డీవీడీ ప్లేయర్ తెచ్చి గల్లీలో స్టూలు మీద పెడతాడు. సీడీ తిరుగుతుంది, ఆడవాళ్లు తిరుగుతారు, కాశమ్మ వాళ్ల మధ్య తన పాటకు తానే పెదవులు కదుపుతూ తిరుగుతుంది. కొత్తగా కాపురానికి వచ్చిన కోడళ్లు ఆమే పాడుతోందనుకుంటారు. ఎవ్వరూ వాళ్లకు చెప్పరు.

ఈ సంవత్సరం రాజన్న బ్లూటూత్ స్పీకర్ కొన్నాడు. కొన్ననాటి నుంచి ఆయన్ను పట్టడానికి లేదు. కూతురు సోనీ సైదాబాద్‌లో మొబైల్ షాపులో పని చేస్తుంది, ఫోన్లో పాటల యాప్ పెట్టిచ్చింది. పేరు చెబితే పాట వస్తుంది, పేరు సగం చెప్పినా వస్తుంది. వినాయక చవితికి ముందు, మోకాలి ఆపరేషన్ అయిన అక్కను చూసుకోవడానికి కాశమ్మ షాద్‌నగర్ వెళ్లి ఉన్నప్పుడు, గల్లీ మండపం ప్రెసిడెంటు ఎల్లేష్ ఇంటికి వచ్చాడు. మార్కెట్లో కూరగాయల దుకాణం వాడిది, గొంతు ఎప్పుడూ బేరం మీదే ఉంటుంది.

"అన్నా, ఈపాలి దేవుని ఎనక తిరిగే చక్రం వెడ్తున్నం. మొత్తం సీడీలే! లైటు వడ్తె పబ్లిక్ కండ్లు గిర్రున తిరగాలె. నీ కాడ ఉన్నయంట గదా?"

"మస్తున్నయి, డబ్బకు డబ్బ తీస్కపో. ఇగ ఎవడింటడు తమ్మీ గవి? దునియ మొత్తం గీ ఫోన్ల వాడ్తుంటే!" అన్నాడు రాజన్న స్పీకర్ నిమురుతూ.

అంత ఉదారంలోనూ జాగ్రత్త మరవలేదు. డబ్బాలోంచి కాశమ్మ ఫొటో ఉన్న కవరు వెతికి తీసి, బీరువాలో చీరల కింద పెట్టాడు. తన తెలివికి తానే మురిసిపోయాడు. తెరిచి మాత్రం చూడలేదు. సీడీలున్న ఏ ఇంట్లోనైనా కవరు మీద పేరొకటి, లోపల ఉండేది ఇంకొకటి అన్న సంగతి లోకానికంతా తెలుసు, ఆ నిమిషానికి రాజన్నకు తెలియలేదు. పోయిన బతుకమ్మనాడు వాన మొదలైతే, తడవకుండా ప్లేయర్‌లోంచి సీడీ తీసి, చేతికి దొరికిన ఏదో డబ్బింగ్ సినిమా కవరులో కుక్కింది ఆయనే.

పండుగ మధ్యలో కాశమ్మ తిరిగి వచ్చింది. కాళ్లు కడుక్కుని, చాయ్ తాగి, చప్పట్లు కొట్టి పిలిచింది.

"బతుకమ్మ దగ్గరవడ్డది. సీడీ తియ్యి, దుమ్ము తుడిశి పెడ్త," అంది గాలి గొంతుతో, వంటింట్లోకి వెళుతూ.

రాజన్న హుషారుగా బీరువా తెరిచాడు. చీరల కింద నుంచి కవరు తీసి విప్పాడు. లోపల సీడీ లేదు. నడుమ తెల్లటి ప్లాస్టిక్ పళ్లు గుండ్రంగా నోరు తెరుచుకుని ఉన్నాయి. మీద అట్ట నుంచి కాశమ్మ ఫొటో నవ్వుతోంది.

గుండె జారి ఎక్కడ పడిందో ఆయనకే తెలియలేదు. వంటింట్లో గిన్నె చప్పుడైతే కవరు మూసి మళ్లీ తెరిచాడు, ఈసారైనా ఉంటుందేమోనని.

"దొరికిందా?" అన్నట్టు వంటింట్లోంచి చప్పట్లు.

"అదీ... ప్లేయర్ ఖరాబైతే రిపేరుకిచ్చిన. సీడీ దాంట్లనే ఇరుక్కున్నది!" అన్నాడు. అన్నాక చూశాడు, ప్లేయర్ టీవీ కింద అరలోనే ఉంది. దాని ఎర్ర లైటు తననే చూస్తున్నట్టు వెలుగుతోంది. కాశమ్మ గది దాటి వచ్చేలోపు వైర్లు పీకి, ప్లేయర్‌ను డ్యూటీ సంచీలో కుక్కి, చెప్పులు తారుమారుగా వేసుకుని బయటపడ్డాడు. మాదన్నపేట చరిత్రలో సొంత ఇంట్లో సొంత వస్తువు ఎత్తుకుపోయిన మొదటి మనిషి ఆయనే అంటే కాదనేవాడు లేడు. తీసుకెళ్లి సెక్షన్ ఆఫీసు లాకర్లో దాచాడు. తాళం వేశాక కూడా రెండుసార్లు లాగి చూశాడు.

అక్కడి నుంచి సరాసరి సోనీ షాపుకు వెళ్లాడు.

"బాపూ, ఏమైంది? మొఖం గట్ల పాలిపోయింది?"

"బేటా, మీ అమ్మ పాటలు గీ యాప్‌ల తియ్యి."

సోనీ వెతికింది. బతుకమ్మ పాటలు వరదలా వచ్చాయి. డీజే బతుకమ్మ, లవ్ బతుకమ్మ, లండన్ బతుకమ్మ. వేలు పైకి తోస్తుంటే కింది నుంచి ఇంకా వస్తూనే ఉన్నాయి. కాశమ్మ రాలేదు.

"దునియ మొత్తం దీంట్ల ఉన్నదంటివి గదా!" రాజన్న ఫోన్ లాక్కుని తనే వేలితో తోశాడు.

"ఎవలన్న ఎక్కిస్తె ఉంటది బాపూ. అమ్మది ఎవలెక్కిచ్చిండ్రు? నువ్వెక్కిచ్చినవా? నేనెక్కిచ్చిన్నా?" అని, తండ్రి చెప్పిందంతా విని, సోనీ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అమ్మకు జెప్పినవా?"

"చెప్త. దొరికినంక."

స్టూడియో ఉన్నచోట ఇప్పుడు చికెన్ పకోడీ వేయిస్తున్నారు. ఇక చుట్టాలకు ఫోన్లు కొట్టారు. అప్పుడు పంచిన వాటిలో ఒక్కటైనా మిగలకపోతుందా అని ఆశ. బాలాపూర్ వదిన, "అయ్యో, గది మావోడు ఆటోకు దిష్టికి కట్టిండు," అంది. ఇంకొక బావ దాని నడుమ ముళ్లు పెట్టించి గోడ గడియారం చేశాడట, టైము బాగా చూపిస్తోందని మెచ్చుకున్నాడు కూడా. మేనత్త ఇంట్లో పావురాలు రాకుండా బాల్కనీలో వేలాడదీశారు. ఎండకు పొర లేచి జాలీలా అయిపోయిందని ఆమె చెబుతుంటే ఫోన్లో వెనక నుంచి పావురాల కూత వినబడుతూనే ఉంది.

ఆ సాయంత్రం రాజన్న మండపానికి వెళ్లాడు. వినాయకుడు నిండుగా కూర్చుని ఉన్నాడు. ఆయన వెనక పెద్ద ఇనప చట్రం, దానికి తామర రేకుల్లా అట్టలు, రేకు రేకుకూ వరసగా సీడీలు. చిన్న మోటారు మీద అంతా గుండ్రంగా తిరుగుతోంది. ఆ మోటారుకు కనెక్షన్ ఇచ్చింది కూడా రాజన్నే, చూసుకోండి తమాషా. అన్ని సీడీలూ మెరిసే మొఖం బయటకు పెట్టి ఉన్నాయి. పేరు ఒక్కదానికీ కనబడదు. ఎర్రలైటు పడితే అన్నీ ఎరుపు, పచ్చలైటు పడితే అన్నీ పచ్చ. పిల్లలు చప్పట్లు కొడుతున్నారు. వీటిలో ఏదో ఒకదానిలో కాశమ్మ ఉంది. రాజన్న కళ్లార్పకుండా చూసి చూసి తల తిరిగి స్తంభం పట్టుకున్నాడు.

ఆ గొంతునైనా మనసులో ఒకసారి తలుచుకుందామని కళ్లు మూసుకున్నాడు. బల్లి జూసి ఉరికినోడు. మాటలు వచ్చాయి. గొంతు రాలేదు. మళ్లీ ప్రయత్నించాడు. ఇప్పటి గాలి గొంతే వచ్చింది, నిన్నా మొన్నా విన్నది. పాత గొంతు ఎలా ఉండేది? సన్నగానా, కాస్త జీరగానా? ఏటా బతుకమ్మకు వింటాను కదా అని లోపల దాచుకోలేదు. సీడీ పోతే కాశమ్మ తిడుతుందన్న భయం అంతవరకు. అక్కడ కొత్త భయం పుట్టింది, దాని ముందు పాతది ఎందుకూ పనికిరాదు. అది పోతే కాశమ్మ గొంతు ఈ భూమ్మీద ఎక్కడా ఉండదు, తన తలలో కూడా.

మర్నాడు ధూల్‌పేట్ వెళ్లాడు. ఆ చక్రం చేసింది అక్కడి విగ్రహాల కళాకారుడు ప్రేమ్‌రాజ్. కొబ్బరి పీచు, మట్టి, రంగుడబ్బాల మధ్య కూర్చుని మిగిలిపోయిన తొండాలను ఎండబెడుతున్నాడు.

"ఏది ఏ రేకుకు వెట్టిన్నో నాకేం ఎరుక భాయ్? పేరున్న సైడు అట్టకు, చమ్కాయించే సైడు పబ్లిక్‌కు. అంతే," అన్నాడు. "అయినా ఉద్వాసన గాకముందు చెయ్యి వెట్టేరు! ప్రాణ ప్రతిష్ఠ అయినంక దేవుని సింగారం ముట్టొద్దు. గల్లీల ఎవనికన్న కాలు బెణికినా నీ మీదికే వస్తది."

"ఉద్వాసన అయినంక పీకొచ్చా?"

"పీకుతవా?" ప్రేమ్‌రాజ్ నవ్వి, పక్కన పడి ఉన్న పాడైపోయిన రేకు తీశాడు. దాని మీది సీడీని గోరుతో పట్టి చర్రున లాగాడు. సీడీ చేతికి వచ్చింది. వెండి మాత్రం రాలేదు. అదంతా అట్టకే అంటుకుని ఉండిపోయింది. చేతిలో ఉన్నది కిటికీ గాజులా ఉంది. దాని అవతల ప్రేమ్‌రాజ్ వేళ్లు కనబడుతున్నాయి. "దేఖా? పాటా గీటా మొత్తం గా వెండి పొరలనే ఉంటది. గమ్ గుంజుకున్నది. ఇగ దీన్ల ఏం లేదు, ఖాళీ."

రాజన్న ఆ గాజు పళ్లాన్ని ముట్టుకోలేకపోయాడు.

"సీడీని అట్ట మీదికెల్లి గుంజొద్దు భాయ్. రేకుకు రేకు కోసుకపోవాలె. అట్టను తడిపి, నానబెట్టి, పొర పొర అట్టనే తియ్యాలె సీడీ మీదికెల్లి. మెల్లగ. పుండు మీది పట్టీ తీసినట్టు."

ఆ తర్వాతి రోజులు ఎలా గడిచాయో రాజన్నకే తెలియాలి. ఇంట్లో చప్పట్లు వినబడితే ఉలిక్కిపడేవాడు. "రిపేరోడు ఏమన్నడు?" అని కాశమ్మ అడిగినప్పుడల్లా కొత్త పార్టు పేరు చెప్పేవాడు. ఒక డీవీడీ ప్లేయర్‌లో అన్ని పార్టులు ఉంటాయని ఆ కంపెనీవాడికి కూడా తెలిసి ఉండదు. ఒక మధ్యాహ్నం గాలివాన వచ్చింది. టార్పాలిన్ లేచిపోయింది, చక్రం ఊగింది, ఒక సీడీ ఊడి గాలిలో తిరుగుతూ వచ్చి సిమెంటు గచ్చు మీద పడి పగిలింది. రాజన్న గొడుగు వదిలేసి వానలో ఉరికాడు. ముక్కలు ఏరి, నడిమి అంచు ముక్క కోసం నీళ్లలో చేతులు పెట్టి తడిమాడు. దొరికింది. బొట్టు లేదు. ఎవరిదో వేరే సీడీ. అరుగు మీద కూలబడి, చేతిలో ముక్కలతో, ఊపిరి తీసుకోవడం గుర్తు తెచ్చుకుని తీసుకున్నాడు.

"అన్నా, సీడీలు ఎవడింటడంటివి, గిప్పుడు ముక్కలు గూడ ఏరుకుంటున్నవేంది?" అని ఎల్లేష్ మండపంలోంచి కేక వేశాడు. చెప్పేద్దామని నోటిదాకా వచ్చింది. ఎల్లేష్‌కు చెబితే మార్కెట్టుకు చెప్పినట్టే, మార్కెట్టుకు చెబితే కాశమ్మకు చెప్పినట్టే. మింగేశాడు.

ఉద్వాసన కాగానే, లారీ ఎక్కించకముందే వెళ్లి అడుగుదామని మనసులో వంద తీర్లుగా మాటలు సర్దుకున్నాడు. నిమజ్జనం నాడు పొద్దున్నే ఆఫీసు నుంచి ఆర్డరు వచ్చింది. గల్లీ మలుపులో వైర్లు కిందికి ఉన్నాయి, ఎత్తు విగ్రహాలు దాటేదాకా రాజన్న అక్కడే ఉండి కర్రతో వైర్లు ఎత్తాలి. నిచ్చెన వేసుకుని మలుపులో నిలబడ్డాడు. మండపం వైపు నుంచి మంత్రాలు వినబడ్డాయి, ఉద్వాసన. జేజేలు వినబడ్డాయి, లడ్డూ వేలం. దిగి వెళ్లడానికి లేదు, వెనక ఇంకో బస్తీ విగ్రహం కూడా వస్తోంది. కాస్సేపటికి బ్యాండు మోగింది. లారీ కదిలింది. దానిమీద వినాయకుడు, ఆయన వెనక చక్రం. ఈ మలుపు దాటితే ఇక సరూర్‌నగర్ చెరువే.

లారీ వైర్ల కింద ఆగింది. ఎల్లేష్ డ్రైవర్ పక్క నుంచి తల బయట పెట్టాడు.

"అన్నా! చక్రం తాకుతదా వైరుకు? తాకుతదంటె చెప్పు, విప్పి ఈడనే దించుతం!"

రాజన్న నిచ్చెన మీద నుంచి చూశాడు. చక్రానికీ వైరుకూ మధ్య మూరెడు జాగా ఉంది. తాకదు. ఆ సంగతి తెలిసింది ఆయనొక్కడికే. తాకుతుందని ఒక్క మాట అంటే చాలు, చక్రం దించుతారు, ఎవ్వరికీ ఏమీ చెప్పక్కర్లేదు. కాశమ్మకు కూడా. గల్లీ అంతా తలలెత్తి ఆయన నోటి వైపే చూస్తోంది. నోరు తెరిచాడు. మూశాడు. చెమట కళ్లలోకి కారుతోంది. పాతికేళ్లుగా ఈ మనుషులు తన మాట నమ్మి వైర్ల కింద నడిచారు.

"తాకదు!" అని అరిచాడు. తన గొంతుకే బెదిరి, ఆగితే ఇక మాట రాదేమోనని, ఊపిరి తీసుకోకుండా అదే అరుపులో కలిపేశాడు. "తాకదు గని ఎల్లేష్, పోనియ్యకు! కాశమ్మ సీడీ ఉంది చక్రంల! కాశమ్మ పాడిన సీడీ! నేనే ఇచ్చిన, చూడక ఇచ్చిన, ఒక్కటే ఉన్నది, ఇంకేడ లేదు!"

బ్యాండువాళ్లు ఒక్కొక్కరుగా ఆపారు. డోలువాడు ఆఖరికి ఆపాడు. ఆ నిశ్శబ్దంలో జనం మధ్య నుంచి చప్పట్లు వినబడ్డాయి. రాజన్నకు ఆ చప్పట్లు ఎవరివో తల తిప్పకుండానే తెలుసు. హారతి పళ్లెం పక్కింటావిడ చేతిలో పెట్టి కాశమ్మ నిచ్చెన దగ్గరికి వచ్చింది. గల్లీ మొత్తం ఆమె గాలి మాట వినడానికి ఊపిరి బిగబట్టింది.

"ప్లేయర్ గూడ గాడనే ఉన్నదా, దేవుడు రిపేర్ చేస్తుండా?"

ముందు ఒకరు నవ్వారు, తర్వాత అందరూ నవ్వారు. రాజన్న నవ్వలేదు. కాశమ్మ కూడా నవ్వలేదని ఆయనొక్కడే చూశాడు. ఆమె చెయ్యి నిచ్చెన కర్రను గట్టిగా పట్టుకుని ఉంది, వేళ్లు తెల్లబడ్డాయి.

"నడుమ బొట్టున్నది జూడు," అంది.

ఎల్లేష్ లారీ దిగాడు. "బండి బందు జెయ్యి రా! వదినె పాడంగ మా అమ్మ ఆడేది. ఎక్కు అన్నా, ఉద్వాసన అయిపోయింది, ఏం దోషం లేదు. నిచ్చెన నేను వడ్త."

లారీ మీదికి నిచ్చెన వేసి రాజన్న వినాయకుడి వెనక్కి ఎక్కాడు. పదకొండు వేల వోల్టుల ముందు వణకని చేతులు ఆ రోజు ఆకుల్లా వణికాయి. ఒక్కొక్క సీడీ నడుమా చూసుకుంటూ చక్రాన్ని చేత్తో తిప్పాడు. లేదు. లేదు. ఎండ అద్దాల్లోంచి కళ్లలో గుచ్చుకుంటోంది. సగం చక్రం అయిపోయింది. కిందినుంచి ఎవరో టైమవుతోందని గొణిగారు. వానకు బొట్టు కరిగిపోయి ఉంటే? ఆనాడు ఏరుకున్న ముక్కల్లో మరోటి ఏదైనా ఉండి ఉంటే? ఇంకో రేకు తిప్పాడు, దాని చివర వెండి కన్నా కాస్త నీలంగా ఉన్న సీడీ, దాని నడుమ పాతబడి గోధుమరంగుకు తిరిగిన మరక. వేలి ముద్ర అంత. కాశమ్మ వేలి ముద్ర అంత.

జేబులోంచి కటింగ్ ప్లయర్ తీసి రేకుకు కట్టిన బైండింగ్ వైరు కత్తిరించాడు. సీడీని ముట్టుకోలేదు. రేకుకు రేకునే గుండెకు అదుముకుని దిగాడు. వినాయకుడు ఒక రేకు తక్కువ చక్రంతో చెరువుకు వెళ్లాడు.

ఇంట్లో తడిగుడ్డ కప్పి నానబెట్టారు. అట్ట తీసే పని కాశమ్మ ఎవ్వరికీ ఇవ్వలేదు. పొర పొర చేసి, గోరు తగలకుండా, ఊపిరి కూడా దాని మీద పడకుండా తీసింది. రాజన్న లాకర్లోంచి ప్లేయర్ తెచ్చి, వైర్లు తగిలించి, గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కాశమ్మ సీడీని కిటికీ వెలుగులోకి ఎత్తింది. అంచు దగ్గర సూది మొనంత చోట వెండి ఊడి వెలుగు ఇటు పడింది. సోనీ ఫోన్లో రికార్డింగ్ నొక్కి పట్టుకుంది. ట్రే లోపలికి వెళ్లింది. సీడీ తిరుగుతున్న చప్పుడు వచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు. ఆ ఏమీ రాని కాస్సేపట్లో రాజన్న తెలిసిన దేవుళ్లందరి పేర్లూ తప్పుగా చెప్పుకున్నాడు.

గొంతు వచ్చింది. కాస్త జీరగా, కాస్త పొగరుగా, ఇల్లు నిండిపోయేలా. అదే, ఇదే, ఇలాగే ఉండేది. రాజన్న గోడ వెంట జారి నేల మీద కూర్చున్నాడు.

పాటలన్నీ నడిచాయి. ఆఖరి పాట దగ్గర, ఆ సూదిమొన చోట, చిక్కింది. "బల్లి జూసి ఉరికినోడు... ఉరికినోడు... ఉరికినోడు... ఉరికినోడు..." కాశమ్మ ఒక్క క్షణం ఆగి చూసింది. తర్వాత కడుపు పట్టుకుని నవ్వింది, చప్పుడు లేకుండా, కళ్ల వెంట నీళ్లు కారేలా. ఎంతకీ ప్లేయర్ ఆపనివ్వలేదు. సోనీ ఫోన్‌ను కూడా ఆపనివ్వలేదు. ఆ పాట ఇప్పుడు ఫోన్లో ఉంది, యాప్‌లోనూ ఎక్కించారు, ఎవరైనా వినవచ్చు. సీడీ మాత్రం తన కవరులోనే ఉంది, కాశమ్మ ఫొటో కింద. ఆ కవరును ఇప్పుడు రాజన్న రోజుకోసారి తెరిచి చూస్తాడు.

మార్కెట్లో కథ మాత్రం పెరుగుతూనే ఉంది. పదివేల మంది కాస్తా లక్ష కాబోతున్నారు. మొన్న ఒకరు ఆయన ఎదుటే ఇదంతా చెబుతుంటే, రాజన్న తోటకూర సంచీ కింద పెట్టి ఇలా అన్నాడు:

"పదివేలేంది, మా గల్లీ మందే ఉన్నరు. పోలీసోల్లు అవతల చాయ్ తాగుతున్నరు. దేవుడు తల తిప్పలే, టోపీ నేను పెట్టుకోలే. నిచ్చెన నాదే, సీడీ మా ఇంటామెది, ఎల్లేష్‌ను అడిగే తీసిన. ఇగ గా పాటల ఉన్నది గూడ తప్పే. నేను ఉరికింది బల్లిని జూసి గాదు. అది తొండ."